ముందు తల్లిని చూపించమనండి, వదినగారూ!

వదినగారూ, ఆ బట్టలు తర్వాత ఆరేద్దురుగాని, ఒక్కసారి ఇటు రండి. మీ స్వాతి పర్షియన్ పిల్లిపిల్లకి అడ్వాన్స్ పంపబోతోందట కదా, మా అమ్మాయి చెప్పింది. ఇంకా పంపలేదా? అమ్మయ్య!

బెంగళూరు వాడా? బజారు ధరలో సగానికే ఇస్తున్నాడా? పైగా విమానంలో పంపిస్తాడా! విజయవాడలో మా తోటికోడలి కొడుకు అచ్చం ఇలాగే మునిగాడండీ. ముందు బుకింగ్ అన్నారు, కట్టాడు. మర్నాడు పొద్దున్నే ఫోను. "మీ పిల్లి ఎయిర్‌పోర్టులో ఉంది, ఏసీ పెట్టె తప్పనిసరి. ఇప్పుడు కట్టండి, పిల్లి చేరాక వాపసిస్తాం" అని. అదీ కట్టాడు. ఆ తర్వాత ఇన్సూరెన్సట. ఇక కట్టనంటే "పిల్లి ఆకలితో చస్తుంది, ఆ పాపం మీదే" అని బెదిరింపు! ఆఖర్న "మీ డబ్బు తిరిగిస్తాం, ఈ స్కానర్ కొట్టి పిన్ వెయ్యండి" అన్నారట. మనకి రావలసిన డబ్బుకి మనం పిన్ కొట్టడమేమిటండీ? పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఆ పిల్లి ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే, అదే పిల్లి వేరే ఊళ్ళలో వేరే పేర్లతో అమ్మకానికుంది.

నన్నడిగితే ఒకటే పరీక్ష. తల్లిపిల్లిని చూపించమనండి. ఫొటో కాదు, వీడియో కాల్‌లో అప్పటికప్పుడు. "పిల్లని ఎత్తు, తల్లి పొట్ట దగ్గర పెట్టు" అనమనండి. నెట్ సరిగ్గా లేదనో, తల్లి వేరే ఊళ్ళో ఉందనో అన్నాడా, అక్కడితో సరి. నిజం బ్రీడరైతే ఇంటికే రమ్మంటాడు. వెళ్ళినప్పుడు ముద్దొస్తోందని మురిసిపోకుండా దగ్గరగా చూడండి. కళ్ళు పుసి కడుతున్నాయా, ముక్కు కారుతోందా, చెవిలో కాఫీపొడిలాంటి నల్లటి మడ్డి ఉందా, తోక కింద బొచ్చు తడిగా ఉందా అని.

ఏమిటీ, నీలికళ్ళ పిల్ల అన్నాడా? భలేవాడే! ఏ పిల్లిపిల్లకైనా పుట్టిన కొత్తలో కళ్ళు నీలంగానే ఉంటాయండీ. మన చెత్తకుండీ దగ్గర ఈనిన పిల్లి పిల్లలకీ అంతే. ఆరేడు వారాలకి గానీ అసలు రంగు తేలదు. అంటే వాడు చూపిస్తున్నది పాలు మరవని పసికూన కావచ్చు. 8 వారాలైనా నిండకుండా తల్లి దగ్గర్నుంచి తియ్యకూడదు. మంచి బ్రీడర్లయితే 12 వారాలదాకా ఇవ్వనే ఇవ్వరు.

"టీకాలన్నీ అయిపోయాయి" అంటే కార్డు అడగండి. అందులో మందు సీసా మీది స్టిక్కరు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కోండి, మొహమాటమేం లేదు. మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య, ఆ పైన మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. రేబీస్ టీకా ఎటూ 12 వారాలకి గానీ ఉండదు. నెలన్నర పిల్లకి అన్నీ ఎలా అవుతాయి?

వంశపత్రాలు ఉన్నాయంటాడు. సీఎఫ్‌ఏ, టికా, డబ్ల్యూసీఎఫ్‌ లాంటి సంస్థల పేరుంటే ఆ నంబరు పెట్టి ఆ సంస్థనే అడగొచ్చు. అయినా కాగితం కంటే తల్లిదండ్రుల పీకేడీ రిపోర్టు ముఖ్యం. పర్షియన్లకి మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే జబ్బది. ఇద్దరిలో ఒకరికున్నా పిల్లకి రావచ్చు. డీఎన్‌ఏ పరీక్షలో తెలిసిపోతుంది. ఇక ఆ "పంచ్ ఫేస్" మోజు నాకు మింగుడుపడదు. ముక్కు ఎంత నొక్కుకుపోతే అంత ఎక్కువ ధరట! దానికి ఊపిరాడక, కళ్ళు కారుతూ ఉంటే రోజూ తుడవాల్సింది మీరే.

పిలవండి స్వాతిని. వాడికి ఇక్కడే, మనిద్దరి ముందే వీడియో కాల్ చేయించండి. ఒకవేళ మీకు తెలియకుండా ఇప్పటికే పంపేసి ఉంటే తిట్టకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమనండి. మా తోటికోడలి కొడుకు నలుగురిలో నామర్దా అని దాచి, తీరిగ్గా ఫిర్యాదు చేసేసరికి ఆ డబ్బు ఖాతాలు మారిపోయింది.