అసలు తరగని ఖాతా

తిరుత్తణి అనగానే మనవాళ్ళకు సుబ్రహ్మణ్యస్వామి కొండ, 1888లో అక్కడ పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు గుర్తుకొస్తారు. ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగా, 1953 జనవరి 14న కారైక్కుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థను ప్రారంభించిన సంగతి చాలామందికి తెలియదు. దానికోసం అళగప్ప చెట్టియార్ గారు 300 ఎకరాల భూమి, 15 లక్షల రూపాయలు ఇచ్చారు. బ్యాటరీలు, లోహాలకు పట్టే తుప్పు అక్కడి ముఖ్య పరిశోధనాంశాలు. ఆ రెండూ కలిసేచోట మన ఇళ్ళకు సంబంధించిన సమస్య ఒకటుంది.

తిరువళ్ళూరులో మా ఇన్వర్టరు అమ్మ పడుకునే గది పక్కనే ఉంది. బరువైన సీసపు బ్యాటరీ తీసేసి లిథియం పెడదామన్నాడు మా అబ్బాయి. అమ్మ ఒప్పుకోలేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో దిగినవాళ్ళు ఎనిమిదిమంది చనిపోయిన వార్త ఆమె మరచిపోలేదు. లిథియం బ్యాటరీలన్నీ అంటుకోవు. కాని వాటిలోని ద్రవం మండే గుణం కలది. కాబట్టి ఆమెది ఉత్త భయం కాదు.

ద్రవం నీళ్ళదైతే ఆ భయం లేదు. నీళ్ళకు సరిపడే చవకైన లోహం జింకు. టార్చిలైటు సెల్లుకు డబ్బాగా ఉండేది అదే. కరెంటు ఇచ్చేటప్పుడు జింకు కరిగి నీళ్ళలో కలుస్తుంది. ఛార్జి చేస్తే తిరిగి రేకు మీదికి చేరాలి. చిక్కంతా ఇక్కడే. అది సమంగా పరుచుకోక ముళ్ళలా లేస్తుంది. ముల్లు అవతలివైపు తగిలితే షార్టు. విరిగిపడిన ముక్క ఇక పనికిరాదు. పైగా నీళ్ళ నుంచి హైడ్రోజన్ పుడుతుంది, జింకుకు తుప్పు పడుతుంది.

బి.కాం. చదివిన నాకు ఇది చక్రవడ్డీ తలకిందులైనట్టు కనిపించింది. ప్రతి ఛార్జికి నూటికి 99 వంతులు తిరిగొస్తే బాగానే ఉందనుకుంటాం. వంద ఛార్జీలకు మిగిలేది 37 వంతులే! 99.9 వస్తే వెయ్యి ఛార్జీలకు అదే గతి. 99.99 వస్తేనే వెయ్యి తర్వాత 90 నిలుస్తాయి. ముందే ఎక్కువ జింకు వేసి లోటు పూడ్చవచ్చు గాని, బరువూ ఖర్చూ పెరుగుతాయి.

అందుకే శాస్త్రజ్ఞులు రేకు మీదే దృష్టి పెట్టారు. పలుచని రక్షణ పొర వేయడం ఒక దారి. నీళ్ళలో ఉప్పు దట్టంగా కలిపి తుప్పు తగ్గించడం మరొకటి. 2019లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు ఉక్కు మీద గ్రాఫీన్ అనే కర్బన పొర పూసి, జింకు నిలబడకుండా పలకల్లా పడుకునేట్టు చేశారు. ప్రయోగశాలలో అది వేలసార్లు ఛార్జికి తట్టుకుంది.

ప్రయోగశాల వేరు, మన వేసవి ఎండ వేరు. రేపు ఎవరైనా నీళ్ళ బ్యాటరీ అమ్మవస్తే ధర తర్వాత అడగండి. ఎన్ని ఛార్జీలకు ఎంత అసలు మిగులుతుందో ముందు కాగితం మీద రాసిమ్మనండి.