బుడమేటి నీరు, బండి చమురు

బెజవాడనుండి బందరు రోడ్డు పట్టి తూర్పుగా పోవువారికి, పటమట దాటిన పిమ్మట, కంటికంటె ముందు చెవికి తెలియు ప్రదేశ మొకటి కలదు. రేకుమీద సుత్తి పడు మ్రోత, గ్రైండరురాతికి తగిలిన ఇనుము చేయు కీచుధ్వని, వీటన్నిటి నడుమ ఎక్కడో ఒక లారీ ఇంజను మరమ్మతు ముగిసి తొలిసారిగా దగ్గి, తడబడి, పిదప నిలద్రొక్కుకొని సాగించు గంభీరనాదము వినబడినచో ఆటోనగరు వచ్చినదని తెలిసికొనవచ్చును. ఊరి వీధుల వెంబడి చెదరియున్న మరమ్మతు షెడ్లను, లారీలకు బాడీలు కట్టు పనివారిని ఒక్కచోట నిలుపవలెనను సంకల్పముతో 1960ల దశకమున వెలసిన యీ వాడను నేడు ఊరే పెరిగి వచ్చి చుట్టుకొన్నది. ఒకచోట కమానుకట్టలు, ఒకచోట రేడియేటర్లు, మరియొకచోట డీజిలు పంపులు; ఎవరి విద్య వారిదిగా, తండ్రినుండి కొడుకునకును, మేస్త్రినుండి కుర్రవానికిని సంక్రమించుచున్న పనితనమునకు ఇది నిలయము. ఇన్నేండ్లుగా ఆ గేటుముందునుండి బస్సులో పోవుచుండియు లోని కడుగుపెట్టని నేను, త్రాడు కట్టి లాగించిన నా కారు వెంట ఒక ఉదయమున ఆ వాడలోనికి నడచి పోయితిని.

దానికి హేతువు బుడమేరు అను వాగు. 2024 సెప్టెంబరు తొలిదినములలో కృష్ణ ప్రకాశం బ్యారేజీయొద్ద 11 లక్షల క్యూసెక్కులు మించి పొంగుచుండగా, ఎగువను గండ్లుపడిన బుడమేరు బెజవాడలోని మా సింగునగరుమీదికి త్రోసికొని వచ్చి, మా వీధిలో రోజులతరబడి కదలక నిలిచినది. పదునాలుగేండ్లుగా మా యింటిల్లిపాదిని మోసిన చిన్న పెట్రోలు కారు సీట్ల మట్టమువరకు మునిగెను. నీరు తీసిన పిదప తలుపు తెరచినప్పుడు వెలువడిన బురదకంపును, గుడ్డ చేతబట్టుకొని దేనిని ముందు తుడువవలెనో తెలియక నా భార్య నిలిచిపోయిన తీరును నేను మరువజాలను. ఊరిలోని బండ్లన్నియు ఒక్కమారే మరమ్మతునకు వచ్చుటచే, ఏ షెడ్డున నడిగినను పది దినములనియు ఇరువది దినములనియు చెప్పుచుండిరి. నా కారునకున్నది థర్డ్ పార్టీ బీమా మాత్రమే. దానివలన సొంత బండి వరదనష్టమునకు పైసయు రాదు. కావున ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, బ్రేకు ఆయిలు, కూలెంటు అన్నియు కొని తెచ్చి, ఇంటి ముంగిటనే స్వహస్తములతో మార్చుకొందునని నిశ్చయించుకొంటిని.

మునిగిన బండి తాళము త్రిప్పరాదని మాత్రము నేనెరుగుదును. గాలి అదుముకొనును గాని నీరు అదుముకొనదు; సిలిండరులో నీరు నిలిచియుండగా పిస్టను పైకి లేచినచో, దారి దొరకని ఆ బలము కనెక్టింగు రాడ్డును వంచివేయును. మా వీధిలోనే యిద్దరు ఆత్రము పట్టలేక సెల్ఫు కొట్టి, చమురుమార్పుతో పోవలసినదానిని ఇంజను విప్పుటవరకు తెచ్చుకొనిరి. నేను బ్యాటరీ తీగ ఊడదీసి, ప్లగ్గులు విప్పి, ఆ పిదపనే కారు నెత్తి, జాకీని నమ్మక స్టాండ్లపై నిలిపి, క్రిందికి దూరితిని.

బండితో వచ్చు పుస్తకమున నీ పని నాలుగు వాక్యములు. చాంబరు క్రింది బోల్టు విప్పుము, పాతచమురు కారనిమ్ము, ఫిల్టరు మార్చుము, కొత్తచమురు గేజిమీది గుర్తువరకు పోయుము. కాని ఆ బోల్టును మనకుముందు బిగించినవారెవ్వరో ఆ వాక్యములలో నుండరు. అంతకు ముందటి యేడు ఒక షెడ్డున, పానాకు పొడుగాటి గొట్టము తొడిగి, రెండుచేతుల బలముతో ఒక కుర్రవాడు దానిని బిగించుచుండగా నేను చూచియు నోరు మెదపనైతిని. ఆ బిగింపు ఫలితము నేడు నాకు సంక్రమించినది. వెల్లకిల పరుండి, తల పైకెత్తలేక, మోచేయి మడువ చోటు లేక, ముఖముమీద బురద రాలుచుండగా పానా త్రిప్పినకొలదియు బోల్టు తిరుగుటకు మారు దాని మూలలే అరిగి గుండ్రనగుచుండెను. శరీరశ్రమ నాకు క్రొత్త కాదు, దానివలన విసుగును రాదు. విసుగు పుట్టించునది, మన బలము పనిమీద పడక పనిముట్టును, వస్తువును పాడుచేయుచున్నదను తెలివిడి. మధ్యాహ్నమునకు పైపురెంచి తెచ్చి పట్టింపగా బోల్టు ఊడినది.

మొదట వచ్చినది చమురు కాదు, నీరు. నీరు బరువగుటచే అడుగున చేరి అదియే ముందు దిగెను. దానివెంట పాలు కలిపిన టీ రంగున, నురుగుతో, చమురు అను పేరునకు తగని ద్రవమొకటి సాగి సాగి పడెను. అంతవరకు ఇంజనును యంత్రముగా భావించిన నాకు, నాటినుండి అది రక్తము కలుషితమైన ప్రాణివలె తోచుచున్నది. ఫిల్టరు చేతికి తిరుగలేదు. స్క్రూడ్రైవరు దానిలో గ్రుచ్చి త్రిప్పబోగా రేకు చిరిగినదే గాని ఫిల్టరు కదలినది కాదు. అంగుళమంగుళముగా దానిని వదలించుటకు దీపములు పెట్టు వేళ అయ్యెను.

మరునాడు గేరుబాక్సు. ఇచ్చటనే నేను చేసిన పొరపాటును పాఠకుల మేలుకొరకు వివరముగా చెప్పవలసియున్నది. చమురు దిగు బోల్టు అడుగున నుండును. నింపు బోల్టు ప్రక్కను, కొంత యెత్తున నుండును. నేను అడుగుది విప్పి, ఉన్నదంతయు దింపివేసి, బోల్టు మరల బిగించి, అప్పుడు ప్రక్కదానిమీద పానా వేసితిని. అది రాలేదు. కిరోసిను పోసితిని, రాత్రియంతయు నాననిచ్చితిని, తట్టితిని; తుదకు దాని తలయు గుండ్రనయ్యెను. ఇక గేరుబాక్సున చుక్క చమురు లేదు, పోయుటకు దారియు లేదు. అట్టి బండిని తనంత తాను పది గజములు నడిపించుటయు తగదు.

అంతలో బ్రేకు సంగతి. డబ్బాలోని పాత ఆయిలు పీల్చి, కొత్తది పోసి, మా అబ్బాయిచేత పెడలు తొక్కించి, చక్రమువద్ద నిపులు వదలుచేసి గాలి తీయబోయితిని. ఒకరి మాట ఒకరికి అందక, నిపులు తెరచియుండగానే వాడు పెడలు వదలుటచే గాలి తిరిగి లోనికే పోయెను. పెడలు దిండువలె మెత్తబడెను. ఒలికిన ఆయిలును వెంటనే కడుగకపోవుటచే మడ్‌గార్డుమీది రంగు బొబ్బలెక్కి లేచిపోయెను. బ్రేకు ఆయిలునకు రంగును తినివేయు గుణము కలదని నాకప్పుడే తెలిసినది.

ఇట్లు నాలుగవనాడు కారు త్రాటితో ఆటోనగరు చేరినది. ఒక చుట్టము చెప్పిన షెడ్డు అది: రేకులకప్పు, నడుమ సిమెంటు పిట్టు, గోడకు వరుసగా కొలతవారీ పానాలు, మూల నీలిరంగు డ్రమ్ము. బయట వరదబండ్లు బారులు తీరి యుండెను. స్కూటర్లే యెక్కువ, ఆ స్కూటర్లమీదనే పాలు వేయువారు, కూరలమ్మువారు, చీటికిమాటికి పనికై పరుగులెత్తువారు బ్రదుకు వెళ్లదీయుచుండిరని తలచినప్పుడు నా కారు ముందువరుసకు రావలెనని కోరుటకు మనసు రాలేదు. మేస్త్రి అరువదేండ్లవాడు. గోళ్లసందున దిగిన నలుపు ఇక ఈ జన్మకు పోదనిపించు చేతులు. నా మాటంతయు విని, ఆయన అడిగిన దొక్కటే.

“కిందిది ముందు ఇప్పారా మాస్టారూ?”

“అవునండీ మేస్త్రిగారూ.”

“అందరూ అక్కడే దెబ్బతింటారండి. పక్కబోల్టు ఊడొచ్చాకే కిందిది ముట్టుకోవాలి. అది రాకపోతే ఆపెయ్యొచ్చు, ఉన్న ఆయిలు ఉన్నట్టే ఉంటదిగా.”

పుస్తకములో నాలుగు వాక్యములుగా నున్నదానికి ఐదవ వాక్యమిది. నేను బోధనావృత్తిలో గడపిన ముప్పదియేండ్లలో, విషయముకంటె క్రమము చెప్పుటయే కష్టమని అనేకమారులు గ్రహించినవాడను. ఆ సత్యమునే ఆయన నోట వినుట నాకు పరమానందము కలిగించినది.

కారును పిట్టుమీదికి త్రోసిరి. మేస్త్రి ఆ గుండ్రనైన తలమీద ఒక నట్టు నుంచి, వెల్డింగుతో రెంటిని ఏకము చేసెను. ఆ యెఱ్ఱదనము చల్లారి నలుపెక్కువరకు ఆగి, నట్టుకు పానా వేసి, ముందుకు కొంచెము, వెనుకకు కొంచెము, ఊయెలవలె కదలించెను. వెల్డింగు వేడి బోల్టును వ్యాకోచింపజేసి, మరలలో పట్టిన త్రుప్పును పగులగొట్టుననియు, ఒక్కదిక్కునకే బలము చూపినచో బోల్టు తెగుననియు ఆయన చెప్పుచుండగనే “టక్” మని అది వదలెను. నేను రెండు దినములు పెనుగులాడిన పని పావుగంటలో ముగిసినది. కొత్త బోల్టు వేసి, నింపు రంధ్రమునుండి తిరిగి కారువరకు గేరు ఆయిలు ఎక్కించి, కారుట ఆగిన పిదప మూసిరి. మట్టమునకు గుర్తు ఆ రంధ్రమే.

బ్రేకులపని కుర్రవాండ్రిద్దరిది. మాస్టరు సిలిండరునకు అన్నిటికంటె దూరమైన చక్రముతో మొదలిడిరి. లోపలివాడు “తొక్కా” అనును. బయటివాడు నిపులు వదలును, మూయును, “వదులు” అనును. ఆ మాట వినబడువరకు లోపలివాని పాదము నేలకంటియే యుండును. మాకు లేనిది ఆ రెండు మాటల కట్టుబాటే. సీసాలోని గొట్టములో బుడగలు రాక ఆగువరకు అట్లే సాగినది. నే నింట వాడగా మిగిలిన ఆయిలు సీసాను చూపగా, మూత తీసి యిన్నాళ్లున్నది గదాయని మేస్త్రి దానిని ప్రక్కకు పెట్టించెను. గాలిలోని తేమను పీల్చుకొనుట ఆ ఆయిలు స్వభావము. డాట్ 3 రకము కొత్తదైనప్పుడు కనీసము 205 డిగ్రీల వేడివరకు మరుగదు; నూటికి నాలుగుపాళ్లకు లోపు నీరు కలిసిన మాత్రమున ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చును. మరిగిన ఆయిలు ఆవిరియగును, ఆవిరి గాలివలెనే అదుముకొనును, పాదము నేలకంటినను చక్రము ఆగదు. బురదనీట రోజులతరబడి మునిగిన బండికి ఇది ప్రాణములతోడి సంగతి. పొదుపు చూపదగిన చోటు కాదు.

ఇంజనునకు నేను పోసిన కొత్తచమురును సైతము వారు దింపివేసిరి. చూడగా అదియును మసకబారి యున్నది; లోపలి సందులలో మిగిలిన తేమ అంతయు ఒక్కమార్పుతో పోదట. తక్కువ ధర చమురు పోసి, ప్లగ్గులులేకయే సెల్ఫుతో త్రిప్పి సిలిండర్లలోని తడి చిమ్మించి, పిదప ప్లగ్గులు బిగించి కొంతసేపు నడిపి, వేడిగా నున్నప్పుడే మరల దించిరి. రెండవసారి దిగిన చమురు తేటగా నున్నది. అప్పుడు కొత్త ఫిల్టరు రబ్బరుకు వ్రేలితో చమురు రాచి చేతితోనే బిగించి, చాంబరు బోల్టునకు కొత్త వాషరు వేసి, పొట్టిపానాతో, మణికట్టు బలముతో మాత్రమే మేస్త్రి దానిని బిగించెను. గొట్టము తొడుగుట అను ప్రసక్తియే లేదు. అది కారదా యని యడిగితిని. “కారకుండా ఆపేది వాషరండి, బలం కాదు” అనెను.

నేను వెంట తెచ్చిన మూతబకెట్టును అప్పుడు ముందుంచితిని. అందు నేనింట దింపిన నీరుగలిసిన చమురున్నది. కొత్తచమురు కొన్న దుకాణమున పాతదానిని తీసికొందురా యని యడుగగా, మురుగుకాల్వలో పోయుడని చెప్పిరి. ఆ వారము మా వీధి కాల్వలమీద ఏడురంగుల తెట్టె తేలుచుండుటకు కారణ మట్టి సలహాయే. వాడిన చమురు 2016 నాటి నిబంధనల ప్రకారము ప్రమాదకర వ్యర్థము. అనుమతిగల శుద్ధికారులకే అది చేరవలెను. 2024 ఏప్రిల్ నుండి, అమ్మిన చమురునకు బదులు వాడినదానిని తిరిగి సేకరింపించి శుద్ధి చేయించు బాధ్యత ఉత్పత్తిదారులమీద చట్టరీత్యా పడినది. ఆ బాధ్యత మా వీధి దుకాణపు గడప నింకను దాటిరాలేదు. ఇంటిలో చమురు మార్చువానికి నిజమైన చిక్కు అరిగిన బోల్టు కాదు. ఆ బోల్టునకు ఆటోనగరు కలదు. పాతచమురును తీసికొను చోటు దాపున లేకపోవుటయే చిక్కు. మేస్త్రి బకెట్టు మూత తీసి చూచి, నీరు చేరినది గనుక వేరు డబ్బాలో పోయించి, నీరు తేరిన పిమ్మట శుద్ధికి కొనిపోవువారి డ్రమ్మున చేర్చుమని కుర్రవానితో చెప్పెను. లోగడ సెంట్రింగు పలకలకు పూయుటకై కొందరు వచ్చి కొనిపోవువారట, ఇప్పుడాయన వారికీయడు.

సాయంకాలమునకు కారు తన కాళ్లమీద తాను నడచి యింటికి వచ్చినది. గేజిని నేనే తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూచితిని. చమురు తేనెరంగున గుర్తుదగ్గర నిలిచి యున్నది. ఇకమీదట చమురు నేనే మార్చుకొందును. ప్రక్కబోల్టు ముందు విప్పుదును.

చమురమ్ము దుకాణదారులకు నా విన్నపము: ఒక డ్రమ్ము మీ గడపయొద్ద నుంచుడు. ఇంటిలో చమురు మార్చుకొను సోదరులారా, ఆ డ్రమ్ము వచ్చునంతవరకు పాతచమురును మూతడబ్బాలో దాచి, మీ మెకానిక్కునొద్దకు చేర్పుడు. సింగునగరు కాల్వలో పోసినది బుడమేటిలో కలియును. బుడమేరు కొల్లేటిలో కలియును.