హాలు ఎవరిని చూసి నవ్వింది?

నేను సినిమా విమర్శకురాలిని కాను. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. కెమెరా గురించి, ఎడిటింగ్ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. సినిమాలు చూడటం మాత్రం మానలేదు. చిలకలూరిపేటలో నాలాంటివాళ్ళు సాయంత్రం పూట వెళ్ళడానికి గుడి ఉంది, సినిమా హాలు ఉంది. మొదటిదాని మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. బెనిఫిట్ షోలకీ, మొదటిరోజు ఆటలకీ ఎప్పుడూ వెళ్ళను. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో పిల్లలతో సినిమాకొచ్చిన ఒక తల్లి చనిపోయింది. అప్పట్నించీ మా అమ్మాయి కూడా నా పద్ధతే మంచిదంటోంది. రెండో వారం మ్యాట్నీకి వెళితే కుర్చీ దొరుకుతుంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో వినపడుతుంది.

హాల్లో తెరని ఎంత చూస్తానో జనాన్నీ అంతే చూస్తాను. ఎక్కడ నవ్వారు, ఎవర్ని చూసి నవ్వారు, ఎక్కడ ఈల వేసారు, ఎక్కడ విసుగుపుట్టి ఫోన్లు బయటికి తీసారు... ఈ అలవాటుకి మా ఊరే కారణం. తెలుగు సినిమా కామెడీకి పెద్దాపురం, చిలకలూరిపేట అనే రెండు పేర్లు తేరగా దొరికాయి. పాత్ర చేత ఊరి పేరు పలికించి ఓసారి కన్ను గీటిస్తే చాలు, ఇంక జోకు రాయక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రైనింగులకి వెళ్ళినప్పుడు "ఏ ఊరు మేడమ్?" అని అడిగి, జవాబు విన్నాక పెదవి చివర నవ్వు దాచుకున్న మగ టీచర్లు ఎంతమందో! "గుంటూరు దగ్గర అని చెప్పవే, పోయేదేముంది" అనేది మా అమ్మ. నేనెప్పుడూ చిలకలూరిపేట అనే చెప్పాను. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక మా అమ్మాయికి వెసులుబాటు దొరికింది. "మాది పల్నాడు" అంటుంది. వెంటనే అవతలివాళ్ళు నాటుబాంబుల గురించీ, కక్షల గురించీ అడుగుతారట. అదీ సినిమాలు నేర్పిందే. "దానికైతే కాస్త భయపడతారు, అది నయం కదమ్మా" అంటుంది.

ఊరికి ఆ పేరెలా వచ్చిందో ఏ కామెడీ ట్రాకూ అడగదు. చిలకలూరిపేట ఒకప్పుడు జమీందారీ. కోస్తా పట్టణాలు చాలావాటిలో కళావంతుల కుటుంబాలు ఉండేవి. ఆటా పాటా వాళ్ళది, వాటిని పోషించే డబ్బు, దాంతోపాటు వచ్చే అధికారం మగవాళ్ళవి. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది, జమీందారీలూ పోయాయి. ఆ స్త్రీలకి చేతిలో ఉన్న విద్యకి గౌరవం పోయింది, బదులుగా మరో బతుకుతెరువు ఎవరూ చూపించలేదు. ఇంత చరిత్రలో చివరికి మిగిలింది ఊరి పేరు మీద ఒక ఇకిలింపు. పోషించిన పెద్దమనుషుల ఇంటిపేర్లు చెబితే మాత్రం హాల్లో ఎవరూ నవ్వరు.

ఇంక ఈ మధ్య చూసిన సినిమాల సంగతి. 2025 సంక్రాంతికి మా ఊళ్ళో జనం విరగబడి చూసింది 'సంక్రాంతికి వస్తున్నాం'. నేనూ చూసాను, నవ్వాను కూడా. ఎక్కడ నవ్వుతారో అనిల్ రావిపూడికి బాగా తెలుసు. భార్య భాగ్యలక్ష్మిగా ఐశ్వర్యా రాజేష్, పెళ్ళికి ముందరి ప్రేయసిగా మీనాక్షి చౌదరి వేసారు. ఆ ప్రేయసి మామూలు మనిషి కాదు, పోలీసు అధికారి. రాష్ట్రాన్నే కుదిపేసే కిడ్నాప్ కేసు ఆమె చేతిలో ఉంది. అయినా ఆ ఇద్దరు స్త్రీలూ సినిమా అంతా మాట్లాడుకునేది ఒక్క మగవాడి గురించి, పోట్లాడుకునేది అతని పక్క సీటు కోసం! మధ్యలో నలిగిపోతున్నట్టు మొహం పెట్టడమే వెంకటేష్ పని, అది ఆయన చాలా హాయిగా చేసాడు. నా పక్కన కూర్చున్నావిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ "మా ఆయనా అచ్చం ఇంతే" అంది. ఆ నవ్వుని నేను తక్కువ చెయ్యను. ఇంట్లో గట్టిగా అనలేని మాటని హాల్లో నవ్వి తీర్చుకుంటోంది. కానీ ఆ డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నందుకు ఆవిడకి దక్కింది, ఆడదాని అనుమానం మీద జోకులే.

ఆ సంక్రాంతి సినిమాల్లోనే 'డాకు మహారాజ్' పాటలోని స్టెప్పుల మీద గొడవైంది. తర్వాత 'రాబిన్‌హుడ్' పాట వచ్చింది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్, పాటల్లో స్త్రీలను కించపరిచే అసభ్యమైన స్టెప్పులు వద్దని సినిమావాళ్ళకి హెచ్చరిక జారీ చేసింది. మంచిదే. స్టెప్పు కంటికి కనపడుతుంది కాబట్టి పట్టుకున్నారు. ఊరి పేరు పలికి కన్ను గీటడాన్ని ఏ ఉత్తర్వుతో పట్టుకుంటాం?

పైగా ఆ స్టెప్పులు సినిమా దగ్గర ఆగవు. మా వైపు కోటప్పకొండ తిరునాళ్ళకి ఎనభై తొంభై అడుగుల విద్యుత్ ప్రభలు కడతారు. మా పురుషోత్తమపట్నం నుంచీ వెళతాయి. శివరాత్రి జాగరణ అంటే ప్రభ ముందు స్టేజీ, దాని మీద తెల్లారేదాకా సినిమా పాటలకి డాన్సులు. ఏ ఏడు హిట్టయిన పాట ఆ ఏడు అక్కడ దిగుతుంది. తెర మీద హీరోయిన్‌కి కాస్ట్యూమ్ డిజైనర్ ఉంటారు, కారవాన్ ఉంటుంది, కాగితం మీద రాసుకున్న ఒప్పందం ఉంటుంది. ఇక్కడ స్టేజీ చుట్టూ మగవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. పాటకీ పాటకీ మధ్య ప్రభ వెనక శాలువా కప్పుకుని టీ తాగుతున్న పిల్లని చూసాను ఒకసారి. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలా ఉంది. సినిమా పాటల మీద ఎంతమంది ఎన్ని వ్యాసాలు రాసినా, పాట సినిమా హాలు దాటి ఇక్కడికొచ్చాక ఏం చేస్తోందో మనం రాసింది తక్కువనిపిస్తుంది నాకు.

వేశ్య పాత్రలు తెలుగు తెరకి కొత్త కాదు. 2010లో వచ్చిన 'వేదం'లో అనుష్క చేసిన సరోజ నాకిష్టం. ఆమె కన్నీళ్ళు కార్చే త్యాగమూర్తి కాదు. మరొకరి కింద కాకుండా హైదరాబాదులో సొంతంగా బతకాలని లెక్కలు వేసుకునే మనిషి. 2024లో 'గ్యాంగ్స్ ఆఫ్ గోదావరి' చూసాను. అంజలి రత్నమాలగా బాగా చేసింది. హీరో తన మనసులో మాట చెప్పుకునేది ఆమెతోనే. అయితే ఆమె మనసులో మాట వినే మనిషి ఆ సినిమాలో లేదు. పద్నాలుగేళ్ళలో ముందుకొచ్చామా, వెనక్కెళ్ళామా? చింతామణి నాటకం సంగతి చూడండి. కాళ్ళకూరి నారాయణరావు రాసిన ఆ నాటకాన్ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ బాధలో న్యాయముంది. కానీ అదే నాటకంలో చింతామణి మీద, ఆమె తల్లి శ్రీహరి మీద, చెల్లెలు చిత్ర మీద స్టేజీల పైన తరాల తరబడి పేల్చిన బూతు నిషేధానికి కారణం కాలేదు. కులానికి అవమానం జరిగితే ఫిర్యాదు చెయ్యడానికి సంఘం ఉంది. చింతామణికి ఏ సంఘముంది?

నవ్వు దిక్కు మారిన సినిమా ఒకటి చూసాను, 'శుభం'. 2025 మే నెలలో వచ్చింది. సమంత నిర్మాత, ప్రవీణ్ కాండ్రేగుల దర్శకుడు. భీమిలిలో రాత్రయ్యేసరికి భార్యలందరూ సీరియల్ ముందు కూర్చుని దెయ్యం పట్టినట్టు మారిపోతారు. పెళ్ళాన్ని అదుపులో పెట్టడం ఎలాగో ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్న మొగుళ్ళు వణికిపోతారు. కథ సాగదీసారు, చివర్లో చేతులు కట్టుకుని ఉపన్యాసం చెప్పినట్టుంది. అయినా సీరియళ్ళు చూసే ఆడవాళ్ళని వెక్కిరించకుండా, ఆ గంటసేపు వాళ్ళదే అని ఒప్పుకున్న సినిమా ఇదొక్కటే చూసాను. హాల్లో ఆడవాళ్ళు మనస్ఫూర్తిగా నవ్వారు. మగవాళ్ళు కూడా నవ్వారు, కాకపోతే కాస్త ఆలస్యంగా.

'కోర్ట్' దగ్గర నాకు పేచీ ఉంది. 2025 మార్చిలో వచ్చిన ఈ సినిమాని మా బంధువుల్లో మెచ్చుకోనివాళ్ళు లేరు. 2013లో విశాఖపట్నంలో జరిగినట్టు చెప్పిన కథ. పందొమ్మిదేళ్ళ పేద కుర్రాడు, పదిహేడేళ్ళ కలిగినింటి పిల్ల ప్రేమించుకుంటారు. పిల్ల తరపు బంధువు మంగపతి కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. ఇంట్లో ఆడవాళ్ళు వేసుకునే బట్టల దగ్గర్నుంచి అన్నీ తనే నిర్ణయించే ఆ మంగపతిగా శివాజీ భయం పుట్టించాడు. (అదే నటుడు 2025 డిసెంబర్‌లో ఒక సినిమా వేదిక మీద హీరోయిన్ల బట్టల గురించి మాట్లాడి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. పాత్ర ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం.) కులం, డబ్బు కలిసి చట్టాన్ని ఎలా వాడుకుంటాయో సినిమా చక్కగా చూపించింది. కాదనను. కానీ హాలు నుంచి బయటికొస్తూ జనం అనుకున్నది "ఈ కేసులన్నీ ఇంతే" అని! 2012లో ఆ చట్టం వచ్చేవరకూ పిల్లల మీద జరిగేదానికి సరైన పేరు కూడా లేదు. టీచరుగా నా ఎరుకలో రెండు సంఘటనలున్నాయి. రెంటిలోనూ పిల్ల చెప్పింది నిజమే, రెండూ పోలీస్ స్టేషన్ దాకా రాకుండా పెద్దమనుషులు సర్దేసారు. ఆ పిల్లల కథకి కోర్టు సీను ఉండదు, చప్పట్లు కొట్టే క్లైమాక్సూ ఉండదు. దొంగ కేసు మీద సినిమా తీయొద్దని అనను. పెట్టని కేసు మీద కూడా ఎవరైనా తీస్తే బాగుండును.

'35 చిన్న కథ కాదు' గురించి లెక్కల టీచరు మాట్లాడకపోతే ఎలా? 2024 సెప్టెంబరులో వచ్చింది. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిది కంటే పెద్దదెలా అవుతుందని ఆ పిల్లాడు అడుగుతాడు. అది వెక్కిరించాల్సిన ప్రశ్న కాదు. స్థాన విలువ అంతా అందులోనే ఉంది. అడిగినందుకు మాస్టారు అతన్నే 'జీరో' అంటాడు. చదువు మధ్యలో ఆగిపోయిన తల్లి సరస్వతి, నివేదా థామస్ చాలా నిబ్బరంగా చేసింది, తను లెక్కలు నేర్చుకుని పిల్లాడికి చెబుతుంది. వంటింట్లో, తిరుపతి వీధుల్లో ఆ ఇద్దరూ లెక్కలు వెతుక్కునే దృశ్యాలు చూస్తూంటే ప్రాణం లేచొచ్చింది. ఒక్క చిన్న గుచ్చుకోవడం మిగిలింది. సినిమాకి పెట్టిన పేరు కొడుక్కి కావాల్సిన పాస్ మార్కు.

2017లో 'అర్జున్ రెడ్డి'కి ఈలలేసిన హాలు 2025 నవంబర్‌లో 'ది గర్ల్‌ఫ్రెండ్'కి గమ్మునుండిపోయింది. ఆ సినిమాలో ప్రీతి ఏమనుకుందో మనకెవరూ చెప్పలేదు. ఇక్కడ రాహుల్ రవీంద్రన్ కథని అమ్మాయి వైపు నుంచే నడిపాడు. భూమాదేవి, రష్మిక, ఎం.ఏ. లిటరేచర్ చదవడానికొస్తుంది. విక్రమ్ ఆమెని కొట్టి హింసించే విలన్ కాదు. ఆమె గదిలో, స్నేహాల్లో, టైములో కొంచెం కొంచెంగా చోటు ఆక్రమిస్తాడు. సాహిత్యం చదివే అమ్మాయికి తనకేం జరుగుతోందో తెలియడానికి అంతకాలం పట్టిందా అని నా స్నేహితురాలు కోప్పడింది. అలాంటి క్లాసులకి పాఠం చెప్పేవాళ్ళు మీలో చాలామందే ఉన్నారు, మీకు ఆశ్చర్యం కలిగిందా? నాకైతే కలగలేదు. పుస్తకంలో ఉన్న మొగుణ్ణి గుర్తుపట్టడం తేలిక. చివర్లో కాలేజీ అందరి ముందూ భూమ మాట్లాడే సీను నాకు కొంచెం ఎక్కువనిపించింది, నాటకంలా ఉంది. వెనక వరస కుర్రాళ్ళు మాత్రం ఆ సీనులో ఫోన్లు తియ్యలేదు.

డిసెంబర్‌లో అది నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక మా ఇంట్లో ఇంకోసారి పెట్టాను. మా వెనకింటావిడ, స్పిన్నింగ్ మిల్లులో పని చేస్తుంది, ఆదివారం కాబట్టి వచ్చి కూర్చుంది. విక్రమ్ తల్లిగా రోహిణి కనిపించేది కొద్దిసేపే. మాట దాదాపు లేదు. కొడుకు గొంతు వింటేనే ముడుచుకుపోయే మనిషి. ఆమెని చూసాకే భూమకి తన ముందున్న బతుకు అర్థమవుతుంది. సినిమా అయిపోయింది, పేర్లు పడుతున్నాయి. మా అమ్మాయి క్లైమాక్స్ గురించి ఏదో చెబుతోంది. వెనకింటావిడ కదల్లేదు.

"ఆ పిల్ల తప్పించుకుంది సరే టీచరుగారూ, మరి వాళ్ళమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉందిగా?" అంది.

సినిమాలో దానికి జవాబు లేదు. నేను రిమోట్ తీసుకుని ఆ తల్లి కనిపించే సీను దగ్గరికి వెనక్కి తిప్పాను. ముగ్గురం మళ్ళీ అక్కణ్ణించి చూసాం.