వజ్రాల చేలో టీ ఆకు కథ

తొలకరి పడితే చాలు, కర్నూలు జిల్లా జొన్నగిరి చేలకు వజ్రాల వేటకని జనం వచ్చేస్తారు. నడుం ఎత్తకుండా రాళ్లు ఏరుతూ మధ్యలో వేడివేడి టీతో సేద తీరతారు. ఆ టీదీ ఇలాంటి కథే!

అస్సాం అడవుల్లో సింగ్‌ఫో గిరిజనులు ఎప్పటి నుంచో తాగుతున్న ఆకు అది. 1823లో వాళ్ల నాయకుడు బీసా గామ్ ద్వారా రాబర్ట్ బ్రూస్‌కు తెలిసింది. టీ కాదు, కామెల్లియా జాతి మొక్కేదో అని కలకత్తాలో కొట్టిపారేశారు. నిజానికి టీ కూడా కామెల్లియానే! అసలైన టీ అని 1834లో గానీ ఒప్పుకోలేదు.

చైనా రకం కన్నా దీని ఆకు పెద్దది. కత్తిరించకపోతే చెట్టంత ఎదుగుతుంది. డికాషన్ చిక్కగా దిగుతుంది, పాలు పోసినా రుచి తగ్గదు.

అక్కడ ఆకును ముందు గుర్తుపట్టింది ఆ నేల మనుషులే. జొన్నగిరిలోనూ మట్టిలో మెరిసే రాయి తరచూ కంటపడేది చేలో పనిచేసే రైతులకూ కూలీలకే.