పొడి లెక్క, తడి లెక్క

ఉడికించిన బియ్యపు నూడుల్స్‌లో 100 గ్రాములకు సుమారు 110 కేలరీలు. దుకాణంలో దొరికే ఇన్‌స్టంట్ ప్యాకెట్ మీద అదే 100 గ్రాములకు 440 దాకా ఉంటుంది. నాలుగు రెట్లు! ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని కంగారుపడేవాళ్లున్నారు. కానీ మొదటిది నీళ్లు పీల్చుకున్నాక తూచింది, రెండోది పొడిగా తూచింది. అన్నీ పొడిగానే తూస్తే బియ్యపు నూడుల్స్, గోధుమ సేమియా 350-360 దగ్గరే ఉంటాయి. ఇన్‌స్టంట్ రకానిదే ఎనభై, తొంభై ఎక్కువ. ఆ తేడా పిండిది కాదు, నూనెది.

1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు వాటిలోని తడిని పోగొట్టింది కాగే నూనెలో వేయించే. నీరు ఆవిరై పోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. నిమిషాల మీద ఉడకడానికి అవే కారణం, నూనె దాక్కునేదీ వాటిలోనే. మొత్తం బరువులో దాదాపు ఆరో వంతు నూనే. పిండి గ్రాముకు నాలుగు కేలరీలిస్తే నూనె తొమ్మిదిస్తుంది.

పుదుచ్చేరిలో, వైతికుప్పంలోని మా ఇంట్లో ఇదో తెగని తగువు. యానాం నుంచి వచ్చి నాతో ఉంటున్న అమ్మకు షుగర్. బరువు తగ్గమన్నారు డాక్టర్. అంతే, ఈ జాలరిపేటలో పొద్దున్నే దొరికే ఇడియాప్పం మానేసి, 'గోధుమ పిండి' అని పెద్దక్షరాల్లో రాసిన ప్యాకెట్ నూడుల్స్ పట్టుకుంది. మైదా బదులు గోధుమ పిండి వేస్తే కాస్త పీచు పెరుగుతుంది గానీ, వేపుడు వేపుడే. 70 గ్రాముల ప్యాకెట్‌లో సుమారు 310 కేలరీలు. అంతే బియ్యప్పిండితో చేసిన ఇడియాప్పంలో 250.

అలాగని ఇడియాప్పాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బియ్యప్పిండి రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. పైగా దానికి జోడీ కొబ్బరిపాలు. చిక్కటివైతే 100 గ్రాములకు 200 కేలరీలు దాటతాయి. నూనె మానేసి ఆదా చేసిందంతా గిన్నెలో పోసుకున్నట్టే. సైగాన్‌లో ఫ్రెంచి కొలువులు చేసి తిరిగొచ్చిన పుదుచ్చేరి కుటుంబాలు వియత్నాం వంటనూ వెంట తెచ్చుకున్నాయి. అందులో బియ్యపు నూడుల్స్ పలచటి చారులో తేలతాయి, పైన ఇన్ని పచ్చి ఆకులు. ఆ పద్ధతే మేలనిపిస్తుంది నాకు.

అమ్మకు అనిపించదు. "చారులో ఇడియాప్పమా?" అని మొహం చిట్లించింది. చివరికి రెండు ఇడియాప్పాలు, శనగల కూర దగ్గర రాజీ కుదిరింది. కొబ్బరిపాలు ఆదివారం మాత్రమే. ఆ రోజు తక్కెడ బయటికి తీయకూడదని ఆవిడ షరతు.