పచ్చకొండ కంప్యూటర్

మొన్న వర్షాలు మొదలైన వారంలో మా ఇంట్లో పాత కంప్యూటర్ ఆన్ కావడం మానేసింది. బటన్ నొక్కితే వెనకాల ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోతోంది. రిపేరు కుర్రాడు వచ్చి డబ్బా పక్కమూత ఊడదీసి, సెల్‌ఫోను లైటు వేసి లోపలికి చూశాడు.

"ఎస్‌ఎంపీఎస్ పోయింది ఆంటీ. అది మారిస్తే నడుస్తుంది. కానీ మదర్‌బోర్డు మీద ఈ కెపాసిటర్లు చూడండి, ఎలా ఉబ్బిపోయాయో. ఇంకా ఎక్స్‌పీనే వాడుతున్నారా మీరు?"

"మీ తాతగారు ఇంకా ఉన్నారా?" అని అడిగినట్టుంది ఆ ఆఖరి మాట. కుర్రాడి వయసు ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటుంది. ఆ కంప్యూటర్ వయసూ అంతే.

2004లో చీటీ పాడి ఆ డబ్బుతో కొన్నాను దాన్ని. పెంటియం 4, నలభై జీబీ హార్డ్ డిస్కు, టేబులు సగం ఆక్రమించే మానిటరు. అంతకు ముందు ఐదేళ్ళు విజయవాడ గవర్నరుపేటలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేశాను. సొంత కంప్యూటర్ వచ్చాక ఇంట్లోనే కూచుని పుస్తకాలు కంపోజ్ చేయడం మొదలుపెట్టాను. కవిత్వం, కథలు, జ్యోతిషం, పదో తరగతి గైడ్లు, శతకాలకు వ్యాఖ్యానాలు, పెళ్ళి పత్రికలు. పుస్తకాలే లెక్కేస్తే నూట నలభై దాకా ఉంటాయి. అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి.

ఆన్ చేయగానే తెర మీద పచ్చటి కొండ, నీలాకాశం, రెండు మూడు తెల్లమబ్బులు. ఆ బొమ్మ తెలియని వాళ్ళు తక్కువ. 1996లో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో చార్లెస్ ఓరియర్ అనే ఆయన దారిలో వెళ్తూ తీసిన ఫోటో అట అది. నేనెన్నడూ చూడని ఊరి కొండని ఇరవై ఏళ్ళు రోజూ పొద్దున్నే చూశాను. మా వాకిట్లో ముగ్గు కన్నా ముందు అదే కనపడేది.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. ఇకమీద కన్నాలు పడితే పూడ్చేవాళ్ళు లేరన్న మాట. అప్పుడు నేనేం పట్టించుకోలేదు. నా దగ్గర దోచుకోడానికి ఏముంది, శతక వ్యాఖ్యానాలు తప్ప? 2017 మేలో వన్నాక్రై అనేది ప్రపంచం మీద పడి, ఆస్పత్రుల్లో కంప్యూటర్లకి కూడా తాళాలేసి డబ్బడిగింది. మద్దతు ఆపిన మూడేళ్ళకి మైక్రోసాఫ్టే దిగివచ్చి ఎక్స్‌పీకి ఒక అతుకు విడుదల చేయాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు ఇంటర్నెట్ తీగ పీకేశాను. అప్పటినుంచి ఆ డబ్బాకి బయటి లోకంతో ఉన్న సంబంధమల్లా పెన్‌డ్రైవే. అది కూడా ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్ళొచ్చినప్పుడల్లా ఏదో ఒక వైరస్‌ని అంటించుకొచ్చేది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి కనపడితే గుండె ఝల్లుమనేది.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరగానే నాకొక లాప్‌టాప్ కొనిచ్చాడు. అందులో విండోస్ 10. "అమ్మా, ఇంక ఆ డబ్బా అమ్మేసెయ్" అన్నాడు. సరేనన్నాను, అమ్మలేదు.

*

ఎందుకు అమ్మలేదో చెప్పాలంటే పాత ఫాంట్ల సంగతి కొంచెం చెప్పాలి.

మేం వాడిన అను ఫాంట్ల వంటి వాటిల్లో నిజానికి తెలుగు అక్షరం అంటూ ఏదీ లేదు. 256 గళ్ళు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన ఆ గళ్ళలో తెలుగు ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, వత్తులు కొన్ని గళ్ళలో. మేం కీబోర్డు మీద ఆ ముక్కల్ని పేర్చుకుంటూ పోతాం. చూసేవాళ్ళకది తెలుగు, కంప్యూటర్‌కి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు. ఫాంటు తీసేస్తే మిగిలేది డాలరు గుర్తులూ, బ్రాకెట్లూ, నెత్తిన చుక్కలున్న యూరపు అక్షరాలూ.

ఇది నాకు కొత్తగా అనిపించలేదు. మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. కేసులో గళ్ళు, ఒక్కో గడిలో సీసపు అక్షరాలు. కుడిచేత్తో ఏరి ఎడంచేతిలో స్టిక్కులో పేర్చేవాడు. నేను చేసిందీ అదే పని, సీసం లేదంతే. తొంభైల్లో ఆ ప్రెస్సు ఆఫ్‌సెట్‌కి మారినప్పుడు టైపంతా సీసం ధరకి తూకం వేసి అమ్మేశారు. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. వారం తిరక్కుండానే మాత్రం డీటీపీ సెంటర్ల చుట్టూ తిరిగి ప్రూఫులు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. నన్ను కంప్యూటర్ నేర్చుకోమని పంపిందీ ఆయనే. "మిషన్లు మారతాయే, తప్పులు మారవు" అనేవాడు.

యూనికోడ్‌లో అట్లా కాదు. అక్కడ తెలుగుకి సొంత గళ్ళున్నాయి. 'క' అంటే ఏ ఫాంటులోనైనా, ఏ ఫోనులోనైనా 'క'నే. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే తెలుగు ఉంది. ఎక్స్‌పీలో కూడా గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉండేది. మేం దాని మొహం చూడలేదు. మేం వాడే పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. 2001లో వచ్చిన 7.0తో దాని కథ అయిపోయింది. దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్ కొన్నాళ్ళు పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరిచేది గానీ, ఆ తరవాతి వెర్షన్లలో అదీ లేదు. నా పాత సీడీలోని కీబోర్డు ప్రోగ్రామేమో కొత్త లాప్‌టాప్‌లోకి ఎక్కనే ఎక్కలేదు.

కాబట్టి ఆ నూట నలభై పుస్తకాలు నిజంగా పుస్తకాలుగా ఉన్నది ఆ డబ్బాలోనే. బయటికి తీస్తే బ్రాకెట్లూ డాలర్లూ. వాటికి నేను కాపలాదారునని నా నమ్మకం. నిజం చెప్పాలంటే నా గర్వం కూడా.

*

ఎస్‌ఎంపీఎస్ మార్పించిన నెలకి మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది.

మాస్టారిది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వాళ్ళమ్మనీ, ఇంకా చాలామంది తనవాళ్ళనీ పోగొట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ తరవాత కూచుని ఆ రాత్రి గురించీ, అంతకు ముందున్న ఊరి గురించీ ఒక చిన్న పుస్తకం రాశారు. చివర్లో నాలుగు పేజీల నిండా పేర్లు. ఊళ్ళో ఆ రాత్రి పోయినవాళ్ళవి, ఇంటింటి వరసన. 2009లో ఆ పుస్తకం నేనే కంపోజ్ చేశాను. మాస్టారు పోయి మూడేళ్ళయింది.

"అక్కా, నాన్నగారి పుస్తకం మళ్ళీ వేద్దామనుకుంటున్నాం. ఈసారి ఫోన్లలో కూడా చదువుకునేట్టు ఉండాలి. మా ఊరివాళ్ళ పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళ తాతల పేరు కొట్టి వెతుక్కుంటే దొరకాలి. ఫైలు ఉందా నీ దగ్గర?"

"ఎందుకుండదమ్మా, భద్రంగా ఉంది" అన్నాను. ఆ మాట అనడంలో నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. చూశారా, ఇందుకే దాన్ని అమ్మలేదు, అనుకున్నాను.

ఫైలు తెరిచి పీడీఎఫ్ చేశాను. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ అందులో ఏ పేరు కొట్టి వెతికినా ఒక్కటీ దొరకలేదు. పేజీ నిండా కనిపిస్తున్న పేరు కూడా లేదంటుంది. దొరకదని తెలిసీ నాలుగైదు పేర్లు కొట్టి చూశాను. తరవాత పాత ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములో వేశాను. వచన భాగం బాగానే వచ్చింది. మాస్టారు పట్టుబట్టి పెట్టించిన అరసున్నలు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని వత్తులు పక్క అక్షరం కిందికి జరిగాయి. పోల్చి చూసుకోడానికి బీరువాలోంచి అచ్చు పుస్తకం తీశాను.

అది మాస్టారు నాకు స్వయంగా ఇచ్చిన కాపీ. పేర్ల పేజీల్లో ఏడుచోట్ల నీలం పెన్నుతో దిద్ది ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆఖరి ప్రూఫు మాస్టారు దిద్ది తెచ్చిన రోజు, తప్పులన్నీ సరిచేస్తుండగా కరెంటు పోయింది. సేవ్ చేయలేదు. కరెంటు వచ్చాక చేశాననుకున్నానో, చేసిన ఫైలు బదులు పాతది తీశానో, ఇవాళ చెప్పలేను. నవంబరు 19కి పుస్తకం బయటికి రావాలి. రాత్రికి రాత్రి ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్లు తీసి ప్రెస్సుకి పంపేశాను. పుస్తకం వచ్చాక చూస్తే ఏడు పేర్లు తప్పు. ఒక పసిపిల్ల పేరులో దీర్ఘం పోయింది. ఒక ఇంట్లో తల్లి పేరూ కోడలి పేరూ ఒకటే పడ్డాయి.

నేను ఏడ్చినంత పని చేశాను. మాస్టారు నన్ను ఒక్క మాటన్లేదు. "పర్లేదమ్మాయ్, పెన్నుందిగా" అన్నారు. ఐదు వందల కాపీలు. ఎవరికి ఇచ్చినా దిద్ది ఇచ్చేవారని వాళ్ళమ్మాయి తరవాతెప్పుడో చెప్పింది. ఫైల్లో కూడా సరిచేసిపెడతానని ఆయనకి మాటిచ్చాను. రేపన్నాను, ఎల్లుండన్నాను. పదహారేళ్ళయింది.

అంటే నేనింతకాలం కరెంటు బిల్లు కట్టి, ఎస్‌ఎంపీఎస్‌లు మార్పించి భద్రంగా కాపాడింది ఆ ఏడు తప్పుల్ని. సరైన పాఠం ఆ డబ్బాలో ఎప్పుడూ లేదు. పెన్ను గీతల్లో ఉంది, బీరువాలో, చీరల వెనక.

*

ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం పెద్దదేం కాదు. కొత్త పని ఏదీ ఇక పాతదాంట్లో చేయను. పాత పుస్తకాల్ని ఒక్కొక్కటిగా బయటికి తీస్తాను, అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని చదువుకుంటూ. ప్రోగ్రాము మార్చిపెట్టిందని వదిలేయను.

పేర్ల పేజీలు మాత్రం ప్రోగ్రాముకి వదలబుద్ధి కాలేదు. కొత్తగా టైపు చేశాను. పాతికేళ్ళు ఒక కీబోర్డుకి అలవాటుపడ్డ వేళ్ళు. 'మ' కావాలంటే ఇంకేదో పడేది. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడం మొదట్లో సిగ్గేసింది, పేజీకి ఇరవై నిమిషాల్లో తేల్చే నాకు నాలుగు పేజీలకి రెండు రోజులు పట్టింది. తరవాత ప్రూఫు. మా నాన్న కాలంలో ఒకరు పైకి చదివితే ఇంకొకరు చూసేవాళ్ళు. అట్లాగే చేద్దామని మాస్టారి అమ్మాయిని అడిగాను. రాత్రి ఎనిమిదింటికి ఫోను స్పీకర్లో పెట్టి, తన దగ్గరున్న దిద్దిన కాపీలోంచి ఒక్కో పేరూ దీర్ఘాలతో, వత్తులతో సహా చదివింది. నేను తెర మీద చూసుకుంటూ "ఊఁ" అన్నాను. రెండో పేజీ మధ్యలో ఆగింది. "మా నాయనమ్మ" అంది. కాసేపటికి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

ఏడుగురికీ ఇప్పుడు వాళ్ళ పేర్లు వచ్చాయి. పసిపిల్ల పేరు కొట్టి నా ఫోన్లో వెతికాను. దొరికింది.

దసరాకి మా అబ్బాయి వచ్చి, పాత హార్డ్ డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి ఎత్తి, లాప్‌టాప్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ చేసి అందులో ఎక్స్‌పీ నడిపించాడు. చిన్న కిటికీలో పచ్చకొండ ప్రత్యక్షమైంది, పోస్టుకార్డంత. దానికి ఇంటర్నెట్ లేకుండా చేశాడు. "చదవడానికే అమ్మా, రాయడానికి కాదు" అన్నాడు. నేననుకున్నదీ అదే.

ఇంతలో ఆ లాప్‌టాపే పాతదైపోయింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కీ మద్దతు అయిపోయింది, ఇందులో విండోస్ 11 ఎక్కదట. ఏడాది పాటు అతుకులు పంపే ఏర్పాటేదో ఉంటే మావాడు అందులో చేర్చాడు. "ఆ తరవాత?" అన్నాను. "కొత్తది కొందాం" అన్నాడు. ఈసారి నాకు బెంగ పుట్టలేదు. ఆ లోపల మార్చిన పుస్తకాలకి ఏ కంప్యూటరైనా ఒకటే.

డబ్బా ఇంకా టేబులు కిందే ఉంది, ప్లగ్గు తీసేసి. ఒక నోటుపుస్తకంలో నూట నలభై పేర్లూ రాసుకున్నాను. పక్కన రచయిత ఉన్నారా, లేరా, దిద్దిన కాపీ ఎవరి దగ్గరుంది. ఆరు పుస్తకాలకి టిక్కు పడింది. మిగిలినవాళ్ళకి ఫోన్లు చేస్తున్నాను. మొదట అందరినీ ఒకటే అడుగుతున్నాను: మీ కాపీలో ఎక్కడైనా పెన్నుతో దిద్దుకున్నారా అని.

చాలామంది దిద్దుకున్నారు. నాకెవరూ చెప్పలేదంతే.