అంకెల్లో భయం, ఒడ్డున ధీమా

కేసుల చిట్టాలో ముందున్న కేరళ హత్యల్లో బాగా వెనుక ఉంది. ఏ రాష్ట్రం ఎంత భద్రమో తేల్చాలంటే పోలీసు స్టేషన్ గడప కూడా చూడాలి

చీకటి పడ్డా కోజికోడ్ సముద్రతీరంలో సందడి తగ్గదు. ఉప్పునీటిలో ఊరిన ఉసిరికాయలు, మామిడి ముక్కలు అమ్మే బండ్ల చుట్టూ పిల్లాపాపలతో కుటుంబాలు, కబుర్లాడుకుంటూ కాలేజీ అమ్మాయిలు. జాతీయ నేర గణాంకాలు చదివి వచ్చినవారు మాత్రం ఈ దృశ్యాన్ని ఓ పట్టాన నమ్మలేరు. 2016లో కేరళలో లక్ష జనాభాకు నమోదైన ఐపీసీ కేసులు 727.6. జాతీయ సగటుకు మూడు రెట్లు. అదే ఏడాది బీహార్‌లో 157.4, ఉత్తరప్రదేశ్‌లో 128.7 మాత్రమే. ఈ లెక్కన ప్రయాణికుడు కోజికోడ్‌కు దూరంగా ఉండి, పాట్నా వీధుల్లో అర్ధరాత్రి నిశ్చింతగా తిరగాలి!

హత్యల పట్టిక తీస్తే కథ తిరగబడుతుంది. ఆ ఏడాది లక్ష మందికి కేరళలో హత్యలు 0.9, ఉత్తరప్రదేశ్‌లో 2.2, బీహార్‌లో 2.5. దొంగతనాన్ని రాసుకోకుండా వదిలేయొచ్చు. శవాన్ని దాచడం అంత తేలిక కాదు.

ఢిల్లీదీ ఇలాంటి పాఠమే. అక్కడ 2013లో సుమారు 80 వేలున్న ఐపీసీ కేసులు 2014లో లక్షన్నర దాటాయి. నగరం ఏడాదిలో రెండింతలు చెడిపోలేదు. విచారణార్హమైన నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని 2013 నవంబర్‌లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. స్టేషన్లలో కలం కదిలింది. అలాగని ఢిల్లీ భద్రమని కాదు. 2012 డిసెంబర్‌ను ఆ నగరం మరచిపోలేదు. అంతకుముందు లెక్కలు పూర్తి నిజం చెప్పలేదన్నదే విషయం.

దేశంలో తొలి మహిళా పోలీసు స్టేషన్ 1973లో మొదలైంది కోజికోడ్‌లోనే. ఫిర్యాదు చేయడం పరువుతక్కువ కాదని, హక్కని అక్కడివారికి తెలుసు. నమోదైన కేసులు పెరిగితే నేరాలు పెరిగినట్టేనని అనుకోవద్దని జాతీయ నేర రికార్డుల బ్యూరో కూడా తన నివేదికల్లో హెచ్చరిస్తుంటుంది. అయినా ఏటా ర్యాంకులు వెలువడగానే రాజకీయ నేతలు వాటినే ఆయుధాలు చేసుకుంటారు. ఆ సెగ చివరికి తగిలేది స్టేషన్ మెట్లెక్కే ఫిర్యాదుదారుకే.

కోజికోడ్ మిఠాయి వీధిలో ఎవరో పర్సు కొట్టేస్తే, ఆ మహిళ ఫిర్యాదుతో కేరళ ఖాతాలో ఒక నేరం పెరుగుతుంది. మరోచోట ‘‘రేపు రామ్మా’’ అనిపించుకుని ఆమె వెనుదిరిగితే, కాగితం మీద ఆ రాష్ట్రం మరికాస్త ప్రశాంతంగా మారుతుంది.